ఏడో టవరు రిపోర్టు

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ఎక్కువ. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి తప్పుకుని తిరిగేవాళ్లు. ఉద్యోగంలో చేరాక తప్పుకోలేనివాళ్లు దొరికారు. వాళ్లు ఫోన్ చేసి సాయం అడిగేవాళ్లు.

రెండువేల ఎనిమిది ప్రాంతం. అనంతపురంలో, ఒక మేడ మీద రెండు గదుల్లో మా ఆఫీసు. జిల్లాలో గుట్టల మీద గాలిమరలు నిలబెట్టిన ఒక పెద్ద కంపెనీ ల్యాప్‌టాప్‌ల బాగోగులు చూసే కాంట్రాక్టు మాది. నాతో చదువుకున్నవాళ్లు బెంగుళూరు పోయి పెద్ద పెద్ద అద్దాల మేడల్లో కూర్చున్నారు. నేను ఈ దుమ్ములో మిగిలిపోయానన్న మంట కడుపులో ఉండేది. పొద్దున్నే ఉగ్గాని ప్లేటు ముందు పెట్టుకుని మొదటి ఫోను ఎత్తేసరికే ఆ మంట గొంతులోకి వచ్చేది.

ఆ ల్యాప్‌టాప్‌ల సంగతి కొంచెం చెప్పాలి. అవి వైర్‌లెస్‌తో ఎట్లా కలవాలి, ఎవరితో కలవాలి, కలిసేటప్పుడు ఏ గుర్తింపు పత్రం చూపించాలి అనేదంతా బెంగుళూరులోనే రాసి, లోపల పెట్టి పంపేవారు. దాన్ని ప్రొఫైల్ అనేవాళ్లం. దాన్ని వాడేవాళ్లు చూడొచ్చు, ముట్టుకోకూడదు. వైరు పెట్టుకునే దారి మూసేశారు, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు. దొంగతనం జరగకూడదని అన్ని తలుపులూ వేసి, లోపలివాళ్లకు జబ్బు చేస్తే డాక్టరు వచ్చే దారి కూడా లేకుండా చేశారని నేను ఆఫీసులో విసుక్కునేదాన్ని.

పెద్దల అమావాస్య నాడు ఒక గుట్ట మీద నుంచి ఫోను వచ్చింది. కంట్రోల్ రూమ్ ఆపరేటరు. "మేడమ్, కొత్త ల్యాప్‌టాప్ వచ్చినాది. నెట్ తగులుకోల్యా. పొద్దున్నుంచి అట్లే తిరుగుతానే ఉండాది" అన్నాడు.

"పక్కన స్విచ్ ఉంటుంది, అది నొక్కినావా?"

"నొక్కినా మేడమ్."

"ఆఫ్ చేసి ఆన్ చేసి చూడు. రేపు చెప్పు."

మర్నాడు చెప్పాడు. ఆ మర్నాడూ చెప్పాడు. ప్రతిసారీ నేను స్విచ్ సంగతే అడిగాను. స్విచ్ నొక్కడం కూడా తెలియని మనిషని నాలో నేను తేల్చేసుకున్నాను. నాలుగోసారి ఫోను చేసినప్పుడు, "నీకు తెలియకపోతే పక్కన చదువుకున్నోళ్లను ఎవరినన్నా పిలుచుకోప్పా" అన్నాను. "ఈడ ఎవురూ లేరు మేడమ్, నేనొక్కన్నే" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత దసరా సెలవులు వచ్చాయి. ఆ ఫిర్యాదు కాగితం నా టేబుల్ మీద టీ గ్లాసు కింద ఉండిపోయింది.

అంత నిర్లక్ష్యం చేయదగ్గ విషయం కాదు అది. గుట్ట మీద పద్దెనిమిది టవర్లు. ఒక్కొక్కదాని లోపల వేడి ఎంత, నూనె ఎంత, రెక్కలు ఎంత వేగంతో తిరుగుతున్నాయి అన్న లెక్క ఆ ల్యాప్‌టాప్ నుంచి నిమిష నిమిషానికీ బెంగుళూరు పోవాలి. అక్కడి ఇంజనీర్లు చూసి ఆపమంటేనే టవరు ఆపాలి. గుట్ట మీది మనిషి కళ్లెదురుగా పొగ వస్తున్నా తనంతట తాను ఆపడానికి లేదు. ఆయుధపూజ నాడు ఏడో టవరు గేర్‌బాక్స్ కాలిపోయింది. వేడెక్కుతోందన్న కబురు బెంగుళూరుకు చేరనే లేదు.

అప్పుడు మా సారుకు ఫోను వచ్చింది, మా సారు నా మీద పడ్డాడు, దసరా మర్నాడు నేను బస్సెక్కాను.

ఆ ఏడు చెనిక్కాయకు, అదే వేరుశనగకు, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. బస్సు కిటికీలో నుంచి చూస్తే చేలన్నీ గోధుమరంగు. కాయ లేని చెట్లను పశువుల మేతకైనా అవుతాయని పీకుతున్నారు జనం. వాళ్ల నెత్తిన, గుట్ట మీద, తెల్లటి రెక్కలు తాపీగా తిరుగుతున్నాయి. ఒక్కటి మాత్రం కదలడం లేదు. అదే ఏడోది అయి ఉంటుందనుకున్నాను.

ఆపరేటరు మెయిన్‌రోడ్డు దాకా వచ్చి నా కోసం నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, కాకీ చొక్కా, చేతిలో నా కోసం తెచ్చిన నీళ్ల బాటిల్. నా బ్యాగు లాక్కుని భుజాన వేసుకుని ముందు నడిచాడు. దారిలో తనే చెప్పాడు. గుట్ట వాలులో వాళ్లకు నాలుగెకరాల చేను ఉండేదట. దారికీ టవరుకూ కావాలంటే ఇచ్చేశాడు. అందుకు బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం అని కంపెనీవాళ్లు చెప్పారు. కాగితం మీద రాసింది కాదు, నోటి మాట. పదో తరగతి పాసై ఉన్నాడు కాబట్టి ఆపరేటరు పని ఇచ్చారు. "చేను ఉన్నెప్పుడు వానకు ఎదురు చూస్తాంటిమి. ఇప్పుడు వాన రాకపోయినా నెలకు జీతం వస్తాంది మేడమ్" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆ ముఖంలో ఎంత ధీమా ఉందో నాకిప్పటికీ గుర్తుంది.

కంట్రోల్ రూమ్ అంటే రేకుల గది. ల్యాప్‌టాప్ మూత మీద పసుపు, కుంకుమ, ఎండిపోయిన చామంతి పువ్వు. టేబుల్ కింద కోసిన నిమ్మకాయ రెండు చెక్కలు. ఆయుధపూజ చేశాడు దానికి. పని చేయని యంత్రానికి పూజ ఒకటే తక్కువైందని నేను చున్నీతో కుంకుమ తుడుస్తుంటే, ఆయన చేయి ముందుకు వచ్చి మళ్లీ వెనక్కి పోయింది.

తెరిచాను. కింద మూలన చిన్న బొమ్మ, గుర్తింపు సరిచూస్తున్నానని చెబుతుంది, కాసేపు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. స్విచ్ బాగానే ఉంది. వైర్‌లెస్ పెట్టె ఆపి, మళ్లీ వేశాను. గది బయట డిష్ వంగిందేమో చూశాను. నా దగ్గరున్న వేరే ల్యాప్‌టాప్ ఆ పెట్టెతో చక్కగా కలిసింది. అంటే పెట్టెలో తప్పు లేదు, ఈ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. మధ్యాహ్నం అయింది. ఆయన ఇంటి నుంచి వచ్చిన క్యారియర్ విప్పి సంగటి ముద్ద, చెనిక్కాయల చట్నీ నాకు పెట్టి, తను బయటికి పోయి నిలబడ్డాడు. ఆయన తిన్నాడో లేదో నేను అడగలేదు. నాకు అప్పటికే తలప్రాణం తోకకొచ్చింది.

ఆ చిరాకులోనే చేయకూడని పని చేశాను. ప్రొఫైల్ పాడైందనుకుని దాన్ని తీసేశాను. మామూలు ఇంటి కంప్యూటరైతే తీసేసి మళ్లీ రాసుకోవచ్చు. ఇది కంపెనీ ప్రొఫైల్. కొత్తగా రాసే బటను బూడిద రంగులో ఉంది, నొక్కితే నొక్కబడదు. ప్రొఫైల్ మళ్లీ రావాలంటే నెట్ మీదే రావాలి. నెట్ రావాలంటే ప్రొఫైల్ ఉండాలి. ఇంతకుముందు తిరుగుతూనైనా ఉండిన బొమ్మ ఇప్పుడు అసలు లేకుండా పోయింది. ముట్టుకోకూడదని అందరికీ చెప్పే మనిషిని నేనే.

గుట్ట అంచుకు పోయి, సిగ్నల్ దొరికే బండ మీద నిలబడి బెంగుళూరుకు ఫోన్ చేశాను. అవతలివాడు ఇంగ్లీషులో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా నన్ను కడిగేశాడు. ప్రొఫైల్‌ను సీడీలో ఎక్కించి బస్సులో పంపిస్తాననీ, లోపలికి పోవడానికి పెద్ద పాస్‌వర్డ్ రేపు ఫోన్లో చెబుతాననీ అన్నాడు. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను.

మర్నాడు సీడీ తీసుకుని మళ్లీ గుట్ట ఎక్కాను. ప్రొఫైల్ ఎక్కించాను. బొమ్మ మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. నాకు ఏడుపొచ్చింది. సీడీలో ఇంకేమన్నా మిగిలిందేమోనని ఫైళ్ల పట్టీ తెరిచాను. ఫైలు పేరు పక్కన అది తయారైన తేదీ ఉంది. నిన్నటి తేదీ, అక్టోబరు. స్క్రీను మూలన గడియారం మీద మౌస్ పెడితే ఈ రోజు తేదీ చూపిస్తుంది కదా, అది సెప్టెంబరు. దాదాపు నెల వెనక ఉంది.

మొదటి రోజు మొదటి నిమిషంలో చూడాల్సింది అదే. ఫోన్లో మొదటిసారి అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

"ఈ తేదీ ఎవరు పెట్టినారు?" అని అరిచాను.

ఆయన లోపలికి వచ్చాడు. ముఖంలో బెరుకేమీ లేదు. ఇంకా చెప్పాలంటే, ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు. "నేనే మేడమ్. ఆ పొద్దు పెద్దల అమావాస్య. అట్లాంటి దినం కొత్త వస్తువ ఎవురన్నా ముట్టుకుంటారా? దీన్ని తెచ్చిన డ్రైవరేమో ఇప్పుడే తెరుసు, సంతకం పెట్టు, నేను పోవల్ల అన్యాడు. తెరిస్తే తేదీ ఎంతని అదే అడిగింది. వెనక పదైదు దినాలూ పెద్దల పక్షమే, ఒక్క మంచి దినం ల్యా. దానికి ముందర వినాయక చవితి. ఆ తేదీ కొట్టినా. మా నాయన గూడా కొత్త లెక్కల బుక్కు ఎప్పుడు తెరిసినా మొదటి పేజీలో మంచి దినమే రాస్తాండె. మళ్లా సరిచేద్దామని చూస్తే, నీకు అధికారం ల్యాదు అనింది. ఇంగ అట్లే వదిలేసినా. రిజిస్టర్లో మాత్రం సరైన తేదీనే రాస్తాండా, చూడండి" అని రిజిస్టరు తెరిచి చూపించాడు. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా, రోజురోజుకూ గంటగంటకూ రాసి ఉంది.

"ఇన్నిసార్లు ఫోన్ చేసినావే, ఒక్కసారన్నా చెప్పలేదేమప్పా?"

"తేదీకీ దీనికీ ఏం సంబందం మేడమ్?"

న్యాయమైన ప్రశ్నే. బస్సు పాసుతో పోల్చి చెప్పాను. అన్నా, నీ పాసు, అంటే దీని గుర్తింపు పత్రం, అమావాస్యకు రెండు రోజుల ముందు నుంచి చెల్లుతుంది, కానీ నీ చేతి గడియారం ఇంకా చవితి దగ్గరే ఉంది. పాసు ఇంకా మొదలే కాలేదని నువ్వే అనుకుంటావు, చూపించవు. చూపించకపోతే కండక్టరు ఎక్కనివ్వడు. ఎక్కితే లోపలున్నవాళ్లు నీ గడియారం సరిచేస్తారు, కానీ ఎక్కలేవు. ఆయన తలాడిస్తూ విన్నాడు. చివర్లో తలాడించడం ఆగిపోయింది. కిటికీలో నుంచి కదలని ఆ ఏడో టవరు వైపు చూశాడు.

"అయితే అది కాలిపోయింది నా మూలంగానే" అన్నాడు.

నేను పెద్ద పాస్‌వర్డ్ కొట్టి తేదీ మార్చాను. రెండు నిమిషాల పని. బొమ్మ ఒక్కసారి తిరిగి నిలబడింది, పన్నెండు రోజులుగా ఆగిపోయిన లెక్కలన్నీ బెంగుళూరుకు పరుగెత్తాయి. ఆయన చూడనే లేదు. నేను బ్యాగు సర్దుకుంటుంటే వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అడ్డం నిలబడుతున్నానని కూడా ఆయనకు తెలియదు.

"మేడమ్, నా పేరు రాయొద్దు. ఆ ఏడో టవరు నిలబడిండేది మా చేన్లోనే. చేను పోయినా పని ఉండాది లే అనుకుంటాండాము. మాట మింద ఇచ్చిన పని. తీసేయల్లంటే వాళ్లకు ఒక్క నిమిషం పట్టదు. ఇది గూడా పోతే మేము ఏం తిని బతకల్ల?"

ఆయన కళ్లు తడిగా లేవు. తడి ఉంటే నాకు కోపం వచ్చి ఉండేదేమో. పొడిగా, సూటిగా నన్నే చూస్తున్నాడు. కొత్త ల్యాప్‌టాప్‌లలో కూడా లోపల గడియారం నడిపే చిన్న బ్యాటరీ చచ్చిపోవడం మాకు మామూలే. అట్లా రాస్తే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఆ సంగతి నాకప్పుడే తట్టింది.

"రాయనులే అన్నా. బ్యాటరీ పోయిందని రాస్తాను. నువ్వు కూడా ఎవరడిగినా తెలీదని చెప్పు" అన్నాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. వద్దన్నా వినకుండా మెయిన్‌రోడ్డు దాకా బ్యాగు మోసి, బస్సులో నాకు కిటికీ సీటు చూసి కూర్చోబెట్టి దిగాడు.

మాట ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాను. ఈ ఒక్క ముక్క నమ్మాలి.

ఆఫీసుకు పోయేసరికి మా సారు రిపోర్టు ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గేర్‌బాక్స్ కంపెనీకి మామూలు దెబ్బ కాదు, ఎవరో ఒకరు దానికి జవాబు చెప్పాలి. "ఏమ్మా, పన్నెండు దినాలు ఒక ల్యాప్‌టాప్ పడుకోనుంటే నువ్వు ఏం చేస్తాంటివి? ఫిర్యాదు వచ్చిన తేదీ ఈడ ఉండాది. నువ్వు పోయిన తేదీ ఈడ ఉండాది. మధ్యలో ఏముండాది? పోయినదానివి ప్రొఫైల్ ఎందుకు పీకేసినావు? బెంగుళూరోళ్లు ఫోన్ చేసి అడుగుతాండారు. కాంట్రాక్టు పోతే నువ్వొక్కదానివే కాదు, ఈ రూములో అందరమూ రోడ్డు మింద ఉంటాము."

బ్యాటరీ అన్నాను. సారు నవ్వాడు. "బ్యాటరీ అయితే ఫోన్లోనే తేదీ అడిగి తెలుసుకోవచ్చు గదా? నాలుగు తూర్లు ఫోన్ చేసినాడంట ఆయప్ప. నువ్వెందుకు అడగల్యా?"

నా దగ్గర ఉన్న ఒక్క జవాబూ గుట్ట మీద వదిలేసి వచ్చాను. కుర్చీలో కూర్చుని ఆ ఫారం చూస్తూ ఉన్నాను. లోపానికి కారణం అన్న చోట చిన్న ఖాళీ. టీ గ్లాసు కింద ఆరు రోజులున్న కాగితం, స్విచ్ నొక్కమని నాలుగుసార్లు కసిరిన నా గొంతు, నేను తీసేసిన ప్రొఫైల్, ఇవన్నీ ఆ ఖాళీలో పడతాయి. లేకపోతే ఇంకొకటి పడుతుంది. అది పడితే ఇవేవీ ఎవరూ చూడరు. నా ఉద్యోగం పోతే నేను ఆకలితో చచ్చిపోయేదాన్ని కాదు. బెంగుళూరు బస్సెక్కి ఇంకో పని వెతుక్కునేదాన్ని. అది తెలిసి కూడా పెన్ను తీశాను.

ఆపరేటరు పండుగ నమ్మకంతో కావాలనే తేదీ వెనక్కి పెట్టాడని రాశాను. ఆ సంగతి దాచిపెట్టడం వల్ల తప్పు కనిపెట్టడం ఆలస్యమైందని ఇంకో వాక్యం కలిపాను. ఆయన దాచిపెట్టలేదు, నేను అడగలేదు. కానీ మొదటి వాక్యంలో అబద్ధం లేదు. అందుకే తర్వాత నన్ను నేను సముదాయించుకోవడం సులువైంది. సారు చదివి, "ఇట్లుండల్ల రిపోర్టు అంటే" అని మెచ్చుకున్నాడు. పక్క రూములో వాళ్లకు కూడా చదివి వినిపించాడు, అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

పది రోజులకు గుట్ట మీద నుంచి ఏదో పని మీద ఫోను వచ్చింది. కొత్త గొంతు. యాడికి ఊరి వైపు మనిషినని చెప్పాడు. పాతాయన ఏమయ్యాడని అడిగాను. "తీసేసినారంట మేడమ్. నాకేం తెలీదు" అన్నాడు. నేను అతన్ని స్విచ్ సంగతి అడగలేదు. ముందు తేదీ చెప్పమన్నాను.

రెండు నెలల తర్వాత డిష్ మార్చే పని పడి మళ్లీ ఆ గుట్టకు పోవాల్సి వచ్చింది. వేరేవాళ్లను పంపమని సారును బతిమాలాను, కుదరలేదు. పని ముగించుకుని మెయిన్‌రోడ్డుకు దిగేసరికి, బస్సు ఆగే చోట ఆయన, ఆయన భార్య నిలబడి ఉన్నారు. రెండు మూటలు, ఒక గిన్నెల సంచి, గోనెలో చుట్టిన కొడవళ్లు. కణేకల్లు కాలువ కింద వరి కోతలకు పోతున్నారు. టెంపో వస్తుందని చూస్తున్నారు. నన్ను చూసి ఆయన గబగబా ఎదురొచ్చాడు. నేను పక్కకు తప్పుకునే చోటు కూడా అక్కడ లేదు.

"బాగుండారా మేడమ్?" అని, భార్య వైపు తిరిగి, "చెప్తాంటినే, ఆ మేడమ్ ఈయమ్మే. నా పేరు రాయనని మాటిచ్చింది" అన్నాడు.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. గిన్నెల సంచిలో చేయి పెట్టి, దారిలో తినడానికి కట్టుకున్న బొరుగులు దోసెడు తీసి నా చేతుల్లో పోసింది. వద్దనలేకపోయాను.

"తీసేసినారంట కదన్నా" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"అవును మేడమ్. బెంగుళూరోళ్లు మిషన్లోనే కనుక్కున్యారంట, తేదీ ఎవురు కొట్టిందీ, యాపొద్దు కొట్టిందీ. వాళ్లకు అన్నీ కనపడతాయంట గదా. సూపర్వైజరు చెప్పినాడు. దానికి మీరేం చేస్తారు, పాపం." ఆయన కొంచెం దగ్గరికి వచ్చి, భార్యకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. "ఆ పొద్దునుంచీ నాకు ఒకటే దిగులు మేడమ్. బ్యాటరీ అని అబద్ధం రాసినారని మిమ్మల్ని పట్టుకోల్యా గదా? నా మూలంగా మీ పనికేమన్నా మాట వచ్చిందా?"

దూరంగా టెంపో హారన్ వినపడింది, ఆమె మూట నెత్తికెత్తుకుంది. ఆయన మాత్రం కదలకుండా నా జవాబు కోసం నిలబడ్డాడు.

"లేదన్నా. నన్నెవరూ ఏమీ అనలేదు" అన్నాను.

అది నిజమే.